జడ్తి ఇచ్చేదాకా

సతీష్ మొదటిసారి కత్తి పట్టింది పదమూడో ఏట, 2001లో, గరిడేపల్లి దగ్గర వాళ్ల ఊళ్లో ముత్యాలమ్మ పండుగనాడు. వాళ్ల నాయన లింగయ్య గొర్రెల కాపరి. పండుగ వచ్చిందంటే ఊళ్లో యాటలు కోసేది కూడా ఆయనే. ఆ రోజు ఆయన భుజం పట్టేసి చెయ్యి పైకి లేవలేదు. పక్కనే నిలబడ్డ కొడుకును పిలిచి కత్తి చేతికిచ్చాడు.

మా వైపు ఒక పద్ధతి ఉంది. పొట్టేలును అమ్మవారి ముందు నిలబెట్టి, తల మీద, వీపు మీద పసుపునీళ్లు చల్లి అందరూ ఆగుతారు. అది ఒళ్లంతా ఒక్కసారి జలదరించినట్టు విదిలించుకోవాలి. దాన్నే జడ్తి ఇవ్వడం అంటారు. తల్లి ఒప్పుకుంది, ఆ జీవమూ ఒప్పుకుంది అని దానికి అర్థం. జడ్తి ఇచ్చేదాకా ఎవరూ కత్తి ఎత్తరు. ఒక్కోసారి చిటికెలో అయిపోతుంది, ఒక్కోసారి గంట పడుతుంది. మళ్లీ నీళ్లు చల్లుతారు, "తప్పేమన్న ఉంటే కాయి తల్లీ" అని మొక్కుతారు. ఎంతకీ ఇవ్వకపోతే ఆ పొట్టేలును వదిలేస్తారు. అలా బతికి ముసలివై చచ్చిన వాటిని నేను రెండింటిని చూశాను.

డప్పులు గట్టిగా మోగుతున్నాయి. వెనక నుంచి ఎవరో "కొట్టురా పోరగా, చేతులు వణుకుతున్నయా?" అని నవ్వారు. ఆ నవ్వుకు సతీష్ కళ్లు మూసుకుని కత్తి దించేశాడు. నీళ్లు ఇంకా పొట్టేలు వీపు మీద జారుతూనే ఉన్నాయి. అది జడ్తి ఇవ్వలేదు. పైగా వేటు సగమే పడింది. సగం తెగిన మెడతో అది జనంలోకి నడిచింది. నెత్తురు ఆగి ఆగి చిమ్ముతూ ఆడవాళ్ల చీరల మీద, బోనం కుండల మీద పడింది. లింగయ్య లేవని చేత్తోనే దాని కొమ్ము పట్టుకుని, రెండో చేత్తో కత్తి లాక్కుని ముగించాడు. తర్వాత అదే నెత్తుటి చేత్తో కొడుకు చెంప పగలగొట్టాడు.

"అడగకుండ కోసినవ్ గదరా!" అన్నాడు. తిట్టింది ఆ ఒక్క మాటే. తన మందలోంచి ఇంకో పొట్టేలును తెచ్చి అమ్మవారి ముందు నిలబెట్టి, అది జడ్తి ఇచ్చేదాకా మోకాళ్ల మీద కూర్చున్నాడు.

ఈ సంగతి సతీష్ నాకు ఎనిమిదేళ్ల తర్వాత చెప్పాడు. అప్పటికి అతను సూర్యాపేటలో మా ఇంటి ముందు గదిలో కిరాయికి ఉండేవాడు. కత్తి మళ్లీ ముట్టలేదు, గొర్రెల వెంట పోలేదు. బొమ్మలు బాగా గీసేవాడు కాబట్టి ఒక ఫ్లెక్సీ దుకాణంలో కంప్యూటర్ ముందు కూర్చుని పెళ్లి బ్యానర్లు, పుట్టినరోజు బ్యానర్లు తయారుచేసేవాడు. ఆ రంగుల వాసనకు సాయంత్రానికి దగ్గు పట్టుకునేది. అయినా పొద్దున నల్లా వచ్చే వేళకు లేచి, తన బిందెతో పాటు మా బిందెలు కూడా నింపి గడప దగ్గర పెట్టి వెళ్లేవాడు. నేను పూజ ముగించి బయటకు వచ్చేసరికి అవి నిండి ఉండేవి. ఒక్కనాడూ చెప్పుకోలేదు.

నాకు కంప్యూటర్లు తెలియవు. అతను చెప్పినంత చెబుతాను. అప్పట్లో కుర్రాళ్లంతా నెట్ సెంటర్లకు పోయి ఆర్కుట్ అనే దాంట్లో కూర్చునేవారు. ఊరికో గుంపు ఉండేది, దాన్ని కమ్యూనిటీ అనేవారు. సూర్యాపేటకొకటి, కోదాడకొకటి, మిర్యాలగూడకొకటి. వీళ్లు వాళ్లను తిట్టడం, వాళ్లు వీళ్లను తిట్టడం. కోదాడ కమ్యూనిటీని నడిపేది శశిధర్ అని ఒక రైస్ మిల్లు వాళ్ల అబ్బాయి. మూడు ఊళ్లూ పోటీపడి ఆడటానికి ఒక కాల్పుల గేమ్ ఎవరైనా చేసిపెడతారా అని 2009 ఎండాకాలంలో అతనే అడిగాడు. సతీష్ చేస్తానన్నాడు.

పాత సామాన్లతో కూర్చిన కంప్యూటర్ ఒకటి గదిలో ఉండేది. దుకాణం నుంచి రాగానే దాని ముందు కూర్చునేవాడు. తెర కింది భాగంలో తుపాకీ పట్టుకున్న మనిషి. పైనుంచి రెండు కాళ్ల మీద నడుస్తూ రాక్షసులు దిగుతారు. బాణం గుర్తులు నొక్కితే మనిషి పక్కకు జరుగుతాడు, పొడుగు మీట నొక్కితే కాలుస్తాడు. రాక్షసులు ఎలా ఉంటారో సతీష్‌కు తెలియదు, పొట్టేళ్లు తెలుసు. అందుకని పొట్టేలు తల, మెలితిరిగిన కొమ్ములు, గొంతు కింద వేలాడే చర్మం, అన్నీ ఉన్నవి ఉన్నట్టు గీశాడు. గుండు తగిలితే గొంతు తెగి నెత్తురు చిమ్మేది. చూడలేక నేను "రామ రామ" అనుకుంటూ లోపలికి వచ్చేశాను.

ఆ నెలలోనే లింగయ్య గొర్రెల సంతకు వచ్చి కొడుకు గదిలో ఒక పూట ఆగాడు. నేను టీ పట్టుకెళ్లేసరికి మంచం అంచున కూర్చుని తెర వంక చూస్తున్నాడు.

"ఏందిరా గిది?"

"గేమ్ నాయినా. అయి మనమీదికొస్తయి. మనం కాల్సాలె."

"గా కొమ్ము సూడు, మన నల్లపోతుదే గదా!"

"అయి రాక్షసులు నాయినా."

"రాక్షసులకు గంత మంచి కొమ్ములెందుకు పెట్టినవ్ రా? సంతల నిలబెడితే ఎగబడి కొంటరు." నవ్వాడు. కాసేపు చూశాక, "నెత్తురు మాత్రం సక్కగ గీసినవ్. గట్లనే ఆగి ఆగి సిమ్ముతది" అన్నాడు. మరి కాసేపటికి, "జడ్తి ఎప్పుడిస్తయి?" అని అడిగాడు.

"ఇయ్యయి నాయినా. ఉత్త బొమ్మలు."

"ఊకె కాల్సుకుంట పోవుడేనా? అడగకుండ?"

ఆయన టీ తాగి, గ్లాసు తనే కడిగి నా చేతికిచ్చి సంతకు వెళ్లిపోయాడు. సతీష్ ఆ రోజు దుకాణానికి పోలేదు. తర్వాత పది రోజులు కూర్చుని గేమ్ మొత్తం మార్చాడు. రాక్షసుడు దిగుతూ దిగుతూ ఎక్కడో ఒకచోట ఒళ్లు విదిలిస్తాడు. ఆ తర్వాత కాలిస్తేనే చస్తాడు. ముందే కాలిస్తే గొంతు సగం తెగి, నెత్తురు చిమ్ముకుంటూ రెండింతల వేగంతో మీదికొచ్చి కొమ్ములతో కడుపు చీలుస్తాడు. కొందరు అసలు విదిలించరు. వాళ్లను కాల్చకుండా పక్కకు జరగాలి. జరిగితే ఏమీ చేయకుండా పోతారు.

గేమ్‌ను మూడు కమ్యూనిటీల్లోనూ పెట్టాడు. మొదటి రోజు నుంచే తిట్లు. వాటిలో కొన్ని నాకు చదివి వినిపించి నవ్వాడు. "గుండు తగిలినా చావదేంట్రా, నీ మొహం." "పోయి గొర్లు కాసుకోరా." "నిన్ను కాల్చేముందు జడ్తి ఇస్తవా?" ఇంకా నేను రాయలేనివి ఎన్నో. మెచ్చుకున్నది గోపిక అనే హాలియా అమ్మాయి ఒక్కతే. మిర్యాలగూడలో డిగ్రీ చదివేది. "అది దగ్గరికొస్తుంటే కాల్సకుండ ఆగాలె జూడు, ప్రాణం గొంతులకొస్తది" అని రాసింది.

ఆ గేమ్ చూసినవాళ్లలో ప్రేమ్‌కుమార్ అనే ఆయన ఉన్నాడు. సూర్యాపేటవాడే, హైదరాబాదులో గేమ్‌లు చేసే చిన్న ఆఫీసు నడుపుతున్నాడు. బొమ్మలు నచ్చి సతీష్‌కు ఫోన్ చేశాడు. అక్టోబరులో మూడు ఊళ్ల వాళ్లూ కోదాడ నెట్ సెంటర్‌లో ఎదురెదురుగా కూర్చుని ఆడబోతున్నారు కదా, ఆ రోజు వచ్చి చూస్తానన్నాడు. జనానికి గేమ్ ఎక్కితే సతీష్‌ను ఉద్యోగంలోకి తీసుకుంటానన్నాడు. ఆ ఫోన్ తర్వాత సతీష్ ముఖం చూడాలి! ఫ్లెక్సీ రంగుల వాసన లేని ఒక గది, బొమ్మలు గీయడమే పనిగా ఒక కుర్చీ. అంతకన్నా అతను ఏమీ కోరలేదు. నేను వేంకటేశ్వరుడికి ముడుపు కట్టాను.

పోటీకి వారం ముందు శశిధర్ ఫోన్ చేశాడు. స్పీకర్‌లో పెట్టి ఉంది కాబట్టి నాకూ వినపడింది.

"బ్రదర్, ఆ వణుకుడు తీసెయ్. మావాళ్లు మీట నొక్కిపట్టి ఆడుకుంటారు. జనం నెత్తురు చూడ్డానికొస్తారు గానీ నీ పొట్టేలు ఎప్పుడు ఒళ్లు దులుపుకుంటుందా అని కూర్చోడానికి వస్తారా?"

"సూస్తనన్నా" అన్నాడు సతీష్.

"చూస్తా కాదు, తీసెయ్. నలుగురిలో నా పరువు పోతే నీ సంగతి వేరేగా ఉంటుంది."

సతీష్ రెండు రకాలూ తయారుచేసి పెన్‌డ్రైవ్‌లో వేసుకున్నాడు. ఒకదాంట్లో జడ్తి ఉంది, ఇంకోదాంట్లో లేదు. ఏది పెడతావని అడిగితే, "గాడికి పోయినంక సూస్త అత్తమ్మా" అన్నాడు. నేను కిరాయికిచ్చిన మనిషినైనా నన్ను అలాగే పిలిచేవాడు.

కోదాడలో ఏం జరిగిందో అతని చెల్లెలు నాగరాణి చెప్పింది. ఆమె అక్కడే హాస్టల్‌లో ఉండి ఇంటర్ చదివేది. అన్న గేమ్ చూద్దామని ఆదివారం పొద్దున వచ్చింది. నెట్ సెంటర్‌లో ఎనిమిది కంప్యూటర్లు, యాభై మంది జనం. ప్రేమ్‌కుమార్ తలుపు దగ్గర నిలబడ్డాడు. సతీష్ పెన్‌డ్రైవ్ పెట్టి ఒక్కో కంప్యూటర్‌లోకి గేమ్ ఎక్కించాడు. ఎక్కించింది జడ్తి ఉన్నదాన్ని. శశిధర్‌కు ఆ ముక్క చెప్పలేదు. అక్కడ సతీష్ చేసిన తప్పు అదే, ఆ మాట తర్వాత తనే ఒప్పుకున్నాడు.

కోదాడ వాళ్లు మీట నొక్కిపట్టి కాల్చడం మొదలుపెట్టారు. సగం గొంతులు తెగిన రాక్షసులు వరసగా మీదపడి వాళ్ల మనుషుల కడుపులు చీల్చేశారు. తెరలన్నీ ఎర్రగా అయిపోయాయి. రెండో ఆటలోనూ అంతే. ఆఖరికి మిగిలింది శశిధర్, మిర్యాలగూడ వైపు ఆడుతున్న గోపిక. ఆ అమ్మాయి వేలు మీట మీద ఆనించి, ఊపిరి బిగబట్టి, రాక్షసుడి కొమ్ము తన మనిషికి తగలబోయేదాకా ఆగి కాలుస్తోంది. విదిలించని దాన్ని చూసి పక్కకు జరిగి, "పో తల్లీ పో" అంటోంది. జనం నవ్వుతున్నారు. శశిధర్ మనిషి చచ్చాడు. సూర్యాపేట కుర్రాడెవరో "అన్నకు పొట్టేలే మొగుడైంది!" అని అరిచాడు.

శశిధర్ కీబోర్డు పీకి ఆ కుర్రాడి ముఖాన కొట్టాడు. మీటలు ఊడి గదంతా చెదిరాయి, కుర్రాడి పెదవి రెండుగా చీలింది. అంతే, మూడు ఊళ్లవాళ్లూ ఒకరి మీద ఒకరు పడ్డారు. కుర్చీలు లేచాయి. కంప్యూటర్ తెర ఒకటి ఎవరి వీపు మీదనో పడి పగిలింది. ఒకడు తల పట్టుకుని కూర్చుంటే వేళ్ల సందుల్లోంచి నెత్తురు కారి చొక్కా కాలరు తడిసింది. గాజుపెంకుల మీద పడ్డవాడిని ఇద్దరు కాళ్లతో తన్నారు. నాగరాణి గోపికను పట్టుకుని బల్ల కింద దూరింది. "అన్నా, బయటికి రా!" అని అరుస్తోంది. సతీష్ మాత్రం కొట్టుకునేవాళ్ల మధ్యకు పోయి చేతులు అడ్డం పెట్టాడు.

శశిధర్ అతన్ని జుట్టు పట్టి బల్ల మీదికి వంచాడు. "తీసెయ్యమన్నానా లేదా?" అంటూ ముఖం రెండుసార్లు బల్లకేసి కొట్టాడు. ముక్కు పగిలింది. ఇద్దరు అతని కుడిచెయ్యి చాపి పట్టుకున్నారు. షట్టర్ లాగే ఇనుప రాడు మూలన ఉంటే శశిధర్ అందుకున్నాడు. ఎత్తాడు. ఒక్క రెప్పపాటు ఆగాడట. తర్వాత దించాడు. ఎముక విరిగిన చప్పుడు బల్ల కిందున్న తనకు కూడా వినపడిందని నాగరాణి చెప్పి ఏడ్చింది. మళ్లీ ఎత్తి మళ్లీ కొట్టాడు. మూడోసారికి పట్టుకున్నవాళ్లే భయపడి వదిలేశారు.

జనం చెదిరిపోయాక ఎదురుగా టీ బండి నడిపే దావీదు తన భుజం మీది తువ్వాలు తడిపి ఆ చేతికి చుట్టాడు. అంతసేపూ సతీష్ చెయ్యి పట్టుకున్నవాళ్లలో ఒకడు తిరిగొచ్చి, గాజుపెంకుల్లో వెతికి, సతీష్ చెప్పులు రెండూ తెచ్చి ఆటోలో పెట్టి, తల ఎత్తకుండా వెళ్లిపోయాడు. ప్రేమ్‌కుమార్ కారు అప్పటికే లేదు.

సూర్యాపేట దవాఖానలో మూడు వేళ్లకు కట్టు కట్టారు. ముక్కుకు కుట్లు వేశారు. ఉంగరపు వేలు ఇక వంగదని డాక్టరు ముందే చెప్పేశాడు. లింగయ్య మందను ఎవరికో అప్పగించి వచ్చి మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు. నేను పొద్దునా సాయంత్రం క్యారేజీ పట్టుకెళ్లేదాన్ని. ఆయన ముందు పక్క మంచాల వాళ్లు తిన్నారో లేదో అడిగి, అప్పుడు మూత తీసేవాడు.

మూడో రోజు మధ్యాహ్నం ప్రేమ్‌కుమార్ ఫోన్ చేశాడు. సతీష్ పట్టుకోలేడు కాబట్టి నాగరాణి స్పీకర్ పెట్టి అతని దగ్గర ఉంచింది.

"సతీష్, ఆ రోజు నేను ఆగాల్సింది. తప్పయింది" అన్నాడాయన. "నీ బొమ్మలు నాకు కావాలి. నీ నెత్తురు మా వాళ్లెవరూ గీయలేరు. కానీ ఆ ఆగుడు మాత్రం తీసెయ్యాలి. జనం ఆగరు, నువ్వే చూసినవ్ కదా. రేపు పన్నెండుకల్లా అది లేని ఫైల్ పంపించు, మా సైట్‌లో పెడతాం. చెయ్యి బాగయ్యాక వచ్చి చేరు. నీ కుర్చీ నీకుంటది."

"జర ఆలోచించి చెప్త సార్" అన్నాడు సతీష్.

ఆ ఫైల్ పెన్‌డ్రైవ్‌లో తయారుగా ఉంది. నాగరాణి నెట్ సెంటర్‌కు పోయి పంపితే అయిపోతుంది. పిల్ల పెన్‌డ్రైవ్ చేతిలో పట్టుకుని అన్న ముఖంలోకి చూస్తోంది. నా మనసులో నేను కూడా పంపెయ్యి నాయనా అనే అనుకున్నాను, అబద్ధం ఎందుకు.

లింగయ్యే ముందు నోరు విప్పాడు. "పంపియ్యి బిడ్డా."

సతీష్ ఆయన వైపు తిరిగాడు.

"బొమ్మకు జీవం లేదు. తల్లి ఏమనదు" అన్నాడు లింగయ్య. "ఆనాడు నీ గదిల నేను ఊకె నోటికొచ్చిందన్న. నువ్వు దాన్ని పట్టుకోని చెయ్యి పోగొట్టుకున్నవ్. ఇగ చాలు. నీ బతుకు నువ్వు సూస్కో."

సతీష్ చాలాసేపు కట్టు కట్టిన చేతిని చూసుకున్నాడు. తర్వాత మెల్లగా చెప్పాడు. ముక్కుకు కుట్లు ఉండటం వల్ల మాట ముద్దముద్దగా వచ్చింది.

"నాయినా, శశిధర్ రాడు ఎత్తినప్పుడు నేను ఆయన కండ్లల్లకే సూసిన. రెప్పపాటు ఆగిండు. కొట్టాల్నా వద్దా అన్నట్టు సూసిండు. గా రెప్పపాటు ఇంకొంచెం ఉంటే కొట్టకపోవు, నాకెర్క. ఎనక నుంచి ఎవడో 'కొట్టన్నా' అన్నడు, కొట్టిండు. ఆనాడు నేను పొట్టేలు మీద ఏసినట్టే."

లింగయ్య ఆ కట్టు కింద దిండు సర్దాడు.

"నా గేమ్ల ఉన్నది గా ఆగుడొక్కటే నాయినా. తక్కినదంత అందరికొస్తది. అది తీసేసి పంపితే నేను గాడ కూసోని ఏం జేస్త?"

"హైదరాబాద్ పోవుడు పోతది మరి."

"పోతది."

"మల్ల ఫ్లెక్సీలేనా?"

"వేళ్లొస్తే ఫ్లెక్సీలే."

లింగయ్య లేచి కిటికీ దాకా పోయి వచ్చాడు. "నీ ఇష్టం. నేనైతే అడిగిన" అన్నాడు.

నాగరాణి ఫోన్ కలిపింది. సతీష్ ఒక్క మాటే చెప్పాడు. "అది తియ్యను సార్. అట్లనే తీసుకుంటనంటే పంపిస్త." అవతల ప్రేమ్‌కుమార్ అట్లా కుదరదు తమ్ముడూ, ఆరోగ్యం జాగ్రత్త అని పెట్టేశాడు. సతీష్ గోడ వైపు తిరిగి పడుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. నేను చూడనట్టు క్యారేజీ గిన్నెలు సర్దాను. లింగయ్య అతని వీపు మీద చెయ్యి వేసి అలాగే ఉంచాడు.

ఆ ఉద్యోగం మళ్లీ రాలేదు. శశిధర్ తన కమ్యూనిటీలోంచి గేమ్‌ను తీసేశాడు, సూర్యాపేట వాళ్లు కూడా గొడవలొద్దని తీసేశారు. మిర్యాలగూడ కమ్యూనిటీలో మాత్రం ఉంది. అక్కడ గోపిక పట్టుబట్టింది. మొదట నలభై మంది ఆడేవారు. రెండేళ్లకు మూడు వందలు దాటారట. అంతకు మించి ఎప్పుడూ పెరగలేదు.

సతీష్ ఆ తర్వాత మిర్యాలగూడకే మారి ఒక ఫ్లెక్సీ దుకాణంలో చేరాడు. ఇప్పుడు 2014. దగ్గు అలాగే ఉంది. ఉంగరపు వేలు వంగదు, మిగతా వేళ్లతో బొమ్మలు గీస్తాడు. మొన్న దసరాకు ముందు ఆర్కుట్ మూసేశారు. గేమ్ ఫైల్ కావాలని ఎవరెవరో ఫోన్లు చేసి అడుగుతున్నారని, వచ్చిన ప్రతివాడికీ పెన్‌డ్రైవ్‌లో వేసిస్తున్నానని చెప్పాడు. కోదాడ నుంచి కూడా ఒకతను వచ్చాడట. పేరు చెప్పలేదు. ఫైల్ తీసుకుని, వెళ్లబోతూ వెనక్కి తిరిగి, "చెయ్యెట్లా ఉందన్నా ఇప్పుడు?" అని అడిగాడట.

"'మంచిగనే ఉంది, టీ తాగిపో' అన్న అత్తమ్మా" అన్నాడు సతీష్. "కూసున్నడు. సగం గ్లాసు తాగి, నా చెయ్యి దిక్కే సూసుకుంట కూసున్నడు."